కెంటకీ అడవిలో 1770ల పద్ధతిలో రెండు రాత్రులు: ఏం మోయాలి, ముందు ఏం నేర్చుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అక్టోబరు చివర్లో డేనియల్ బూన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఇద్దరు స్నేహితులు రెండు రాత్రులు గడపాలి, 1770ల నాటి లాంగ్ హంటర్ల (నెలల తరబడి అడవిలోనే ఉండి వేటాడినవాళ్ళ) పద్ధతిలో, ఆ కాలపు సామానుతోనే. తుపాకీ ఉండదు. మామూలు ట్రెక్కింగ్ అలవాటు ఉంది. ఏమేం కొనాలి?

కొనడం మొదలుపెట్టే ముందు ఒక విషయం చూసుకోండి. లాంగ్ హంటర్లు సామానంతా భుజాన వేసుకుని తిరగలేదు. మూటలు మోసే గుర్రాలతో వచ్చి, ఒకచోట స్థిరంగా మకాం వేసి, అక్కడి నుంచి రెండు మూడు రోజులు చుట్టుపక్కల వేటకు వెళ్ళి మళ్ళీ మకాంకు చేరేవాళ్ళు. డేనియల్ బూన్ 1769లో నార్త్ కరోలినాలోని యాడ్కిన్ లోయ నుంచి బయల్దేరి, కంబర్లాండ్ గ్యాప్ అనే కనుమ దాటి కెంటకీలోకి వచ్చి, 1771లో గానీ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. అన్ని నెలల సామాను ఒక సంచిలో పట్టేది కాదు. కాబట్టి మీరు పోషించాల్సింది మకాం నుంచి రెండు రోజులకు బయటికి వెళ్ళిన మనిషి పాత్ర. ఇది తేల్చుకుంటే సామాను సగానికి సగం తగ్గిపోతుంది. మనిషికి ఒక కంబళి, ఒక నూనెగుడ్డ (వాన దిగకుండా నూనె పట్టించిన గుడ్డ), కత్తి, నిప్పు సామాను, తిండి, నీళ్ళు. ఇద్దరికీ కలిపి ఒక చిన్న రాగి గిన్నె, ఒక చేగొడ్డలి. నీళ్ళతో కలిపి మనిషికి 10 కిలోలు. 12 దాటిందంటే మకాంలో వదిలేయాల్సిందేదో సంచిలోకి వచ్చిందన్నమాట.

ఇంత తక్కువ సామాను ఉన్న మనిషిని రాత్రి కాపాడేవి నిప్పు, పడక. ఈ రెండూ చేతికి వచ్చాక మిగతావి కొనండి.

నిప్పు సంగతి. చెకుముకి రాయితో ఉక్కును కొడితే రవ్వలు రాయి నుంచి రావు. రాయి అంచు ఉక్కు నుంచి సన్నని తునకలు చెక్కుతుంది, ఆ ఇనుము గాలిలో మండుతుంది. అందుకే రాయికి పదునైన అంచు ఉండాలి, ఉక్కులో కార్బన్ ఎక్కువగా ఉండి అది బాగా గట్టిపడి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు. పాత ఆకురాయి ముక్క బాగా పనిచేస్తుంది. ఉక్కును పొరపాటున కూడా మంటలో పడేయకండి, కాగితే గట్టిదనం పోయి రవ్వలు రావడం మానేస్తుంది. రవ్వలు తక్కువగా, మసక ఎరుపులో వస్తుంటే ముందు రాయి అంచు మార్చి చూడండి. అప్పటికీ అంతేనైతే లోపం ఉక్కులో ఉంది. అంచు కొత్తగా చెక్కేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, పెచ్చులు గాజులా ఎగురుతాయి.

రవ్వ పడేది చార్ క్లాత్ మీద, అంటే బొగ్గుగా మాడ్చిన గుడ్డ మీద. నూటికి నూరు శాతం నూలు గానీ లినెన్ గానీ తీసుకోండి, పాలియెస్టర్ కలిస్తే కరిగి ముద్దవుతుంది. 5 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో వదులుగా పేర్చి, మూతకు సన్న మేకుతో ఒక్క రంధ్రం పెట్టండి. నిప్పుల మీద పెడితే రంధ్రంలోంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగాక దించి, రంధ్రంలో పుల్ల దోపి, డబ్బా చేతితో పట్టుకునేంత చల్లారాకే తెరవండి. వేడిగా ఉండగా తెరిస్తే గాలి తగిలి గుడ్డంతా రాజుకుని బూడిదవుతుంది. సరిగ్గా మాడిన ముక్క ఒకే నలుపులో ఉంటుంది, చివర పట్టుకుని ఎత్తితే చిరగదు. ఎక్కడైనా గోధుమరంగు మిగిలితే అది రవ్వను పట్టదు, మళ్ళీ పెట్టి మాడ్చండి. ముట్టుకోగానే పొడైపోతే ఎక్కువ మాడింది.

కొట్టే పద్ధతి ఇలా. రాయిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, చార్ క్లాత్ ముక్కను రాయి పైన, అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనకగా ఉంచి బొటనవేలితో అదమండి. ఉక్కును పైనుంచి కిందికి, అంచును గీరుకుంటూ పోయేలా కొట్టండి. సూటిగా గుద్దితే రాయి విరుగుతుంది తప్ప రవ్వ రాదు. బలం అక్కర్లేదు, మణికట్టు వదులుగా ఉండాలి. గుడ్డ మీద ఎర్రని చుక్క కనిపించి మెల్లగా విస్తరిస్తుంది. దాన్ని ఊదుతూ కంగారు పడకండి, దానంతట అది ఆరదు. అవిసె నార పీచు గానీ, చేతుల్లో నలిపి మెత్తబరచిన ఎర్ర సీడార్ బెరడు గానీ, తులిప్ పాప్లర్ లోపలి బెరడు గానీ గూడులా చుట్టి ముందే పక్కన పెట్టుకోవాలి. కణికను గూడు మధ్యలో పెట్టి వదులుగా మూయండి. గాలికి వీపు చేసి, గూడును ముఖం కంటే కొంచెం ఎత్తులో పట్టుకుని, సన్నగా, పొడవుగా ఊదండి. పొగ పలుచగా ఉన్నంతసేపు ఓపిక పట్టాలి. అది చిక్కబడి పసుపుపచ్చగా మారిందంటే మంట వచ్చేస్తోందని గుర్తు. గూడును మరీ బిగించి మూస్తే కణికకు గాలి అందదు. మరీ వదులైతే కణిక పీచును తాకకుండానే ఆరిపోతుంది.

కొత్తవాళ్ళకు ఎక్కువగా నిప్పు పోయేది ఇక్కడ కాదు, దీని తర్వాత. మంట వచ్చాక పుల్లల కోసం వెతుక్కుంటారు, గూడు అర నిమిషంలో బూడిదవుతుంది. ఉక్కు చేతికి తీసుకునే ముందే మూడు కుప్పలు పక్కన ఉండాలి: అగ్గిపుల్లంత సన్నవి రెండు గుప్పిళ్ళు, పెన్సిలంత లావువి రెండు గుప్పిళ్ళు, బొటనవేలంతవి ఒక చంకెడు. వాన పడ్డాక నేల మీది చితుకులు ముట్టుకోకండి. హెమ్లాక్, పైన్ చెట్ల కింది భాగంలో ఎండి ఇంకా చెట్టునే ఉన్న కొమ్మలు విరవండి, టప్పున విరిగితే పొడిగా ఉన్నట్టు. అవీ తడిస్తే, నిలువుగా ఎండిన మణికట్టంత కర్రను చేగొడ్డలితో చీల్చి లోపలి పొడి చెక్కను సన్నగా చెక్కుకోండి. బంకతో నిండిన పైన్ మొద్దు లోపలి చెక్క తడిలో కూడా మండుతుంది, దొరికినప్పుడల్లా ఒక ముక్క సంచిలో వేసుకోవాలి. భూతద్దం కూడా ఆ కాలపు వస్తువే, కానీ అది ఎండ ఉన్నప్పటి మాట.

చార్ క్లాత్‌కు శత్రువు తేమ. చేతి చెమట తగిలినా రవ్వ పట్టదు. సగం రేకు డబ్బాలో, సగం వేరే చోట నూనె పట్టించిన తోలుసంచిలో ఉంచండి. మొదటి రాత్రి నిప్పు మీదే మరుసటి రోజుకు కొత్త బొగ్గు చేసుకోవాలి. పుచ్చి మెత్తబడి పొడిగా ఉన్న చెక్కను అదే డబ్బాలో మాడిస్తే గుడ్డలాగే రవ్వ పడుతుంది, గుడ్డ అయిపోతుందన్న బెంగ ఉండదు.

ఇప్పుడు కెంటకీకే ప్రత్యేకమైన ఒక నిబంధన. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 15 వరకు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, అడవికి 150 అడుగుల లోపు నిప్పు పెట్టడం ఆ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. మీరు చెప్పిన తేదీలు అందులోనే పడుతున్నాయి. కాబట్టి పగటి తిండి నిప్పు లేకుండా తినేది కావాలి, కట్టెలు మాత్రం వెలుతురు ఉండగానే పోగుచేసుకుని 6 దాటాకే వెలిగించాలి. కరువు సంవత్సరాల్లో రాత్రి నిప్పుపై కూడా నిషేధం పెట్టవచ్చు. బయల్దేరే ముందు రోజు అటవీ కార్యాలయానికి ఫోన్ చేయండి. నిషేధం ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, ఈ సామానుతో నిప్పు లేని రాత్రి ప్రమాదం. ఆ అడవిలోనే ఉన్న రెడ్ రివర్ గార్జ్ అనే లోయ వైపు వెళ్తే మరొకటి గుర్తుంచుకోండి. ఆనాటి వేటగాళ్ళు కొండచరియల కింది రాతి చూరుల్లో హాయిగా పడుకునేవాళ్ళు. ఇప్పుడు అక్కడ వాటిలో మకాం వేయడం, నిప్పు పెట్టడం నిషేధం. ఆ నేలలో ఎవరూ తవ్వి చూడని వేల ఏళ్ళ మానవ జీవితపు ఆనవాళ్ళు ఉన్నాయి, ఒక్క రాత్రి నిప్పుతో అవి పాడవుతాయి. ఈ నిబంధనను మనస్ఫూర్తిగా పాటించండి.

పడక సంగతికి వద్దాం. కంబళి కప్పుకుంటే చాలనుకోవడం దాదాపు అందరూ చేసే తప్పు. పైన గాలి కంటే కింద నేల ఎక్కువ వేడి లాగేస్తుంది, మీ బరువు కింద నలిగిన ఉన్ని గాలిని పట్టి ఉంచలేదు. అందుకే ముందు కిందికి వేయండి, ఆ తర్వాతే పైకి. ఒంటి పొడవున్న రెండు మొద్దులు భుజాలంత ఎడంగా పెట్టి, మధ్యలో పొడి ఆకులు మోకాలెత్తు పోయండి. పడుకున్నాక అది జానెడు మందానికి దిగిపోతుంది, అంతకంటే తక్కువైతే తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. తడి ఆకుల కంటే అసలు ఆకులు లేకపోవడమే నయం. ఆకుల్లో పిడుదులు ఉంటాయి, అక్టోబరులో కూడా చురుగ్గానే తిరుగుతాయి. అందుకని వాన లేని రాత్రి నూనెగుడ్డను ఆకుల మీద పరవండి, పొద్దున లేవగానే మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ, జుట్టులో చూసుకోండి.

కంబళి పూర్తి ఉన్నిది, దగ్గరగా నేసినది, సుమారు రెండు కిలోలది కావాలి. కంబళి అంచున నేసే పొట్టి గీతలను పాయింట్లు అంటారు, అవి దాని పరిమాణాన్ని చెబుతాయి. దాని ధర ఎన్ని బీవర్ తోళ్ళో చెబుతాయన్న ప్రచారం నిజం కాదు. ఒక్కరే అయితే కంబళిలో మూడో వంతు వెలుపల ఉండేలా పడుకుని, పాదాల వైపు కిందికి మడిచి, మిగిలింది చుట్టుకుంటే కింద రెండు పొరలు, పైన ఒక పొర వస్తాయి. మీరు ఇద్దరు కాబట్టి ఒక కంబళి మడిచి కింద వేసుకుని, ఒకటి ఇద్దరూ కప్పుకుని పక్కపక్కన పడుకోవడం అంతకంటే వెచ్చన. నడకలో చెమట పట్టిన లినెన్ చొక్కా విప్పి పొడిది తొడుక్కోవాలి, ఉన్ని టోపీ పెట్టుకోవాలి. అయినా సరే నిప్పు లేకుండా ఒక్క కంబళితో 10 డిగ్రీల కింద నిద్ర పట్టదు. అక్టోబరు చివర ఆ కొండల్లో గడ్డకట్టే చలి రాత్రులు రావడం వింత కాదు. వాతావరణ సూచన 3 డిగ్రీల కంటే తక్కువ చెబితే మొదటి ప్రయాణానికి ఆ తేదీ వద్దు.

రాత్రి నిప్పు గుండ్రంగా కాదు, ఒంటి పొడవునా పేర్చండి, పడకకు ఒక మీటరు దూరంలో. ఓక్, హికరీ నిదానంగా, నిప్పులు నిలిచేలా కాలతాయి. హెమ్లాక్, సీడార్ చిటపటమని రవ్వలు చిమ్ముతాయి, వెలిగించడానికి మంచివే గానీ నిద్రపోతూ పక్కన పెట్టుకునేవి కాదు. వాగులో రాళ్ళు తెచ్చి పొయ్యి చుట్టూ పెట్టొద్దు, లోపలి నీరు ఆవిరై పగులుతాయి. రాత్రికి సరిపోతాయనిపించిన కట్టెలకు మూడింతలు తెచ్చుకోండి, గంటన్నరకోసారి ఎవరో ఒకరు లేచి వేయాల్సి ఉంటుంది. వెంట్రుకల తాడులా చెట్టుకు అంటుకుని పాకిన తీగ ఉన్న కట్టె జోలికి అసలు పోవద్దు. అది పాయిజన్ ఐవీ, ఎండినా విషం పోదు, దాని పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పుండవుతాయి. పడుకునే చోట తలెత్తి చూడండి, ఎండిన పెద్ద కొమ్మ వేలాడుతుంటే మకాం మార్చండి.

నూనెగుడ్డ ఇంట్లో చేసుకోవచ్చు, కొన్నదాని కంటే మంచిదే వస్తుంది. 1.8 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు, దగ్గర నేత లినెన్ గానీ నూలు గానీ తీసుకోండి. బాయిల్డ్ లిన్‌సీడ్ పేరుతో దొరికే అవిసె నూనెలో ఎర్రమట్టి రంగుపొడి కలిపి, కొంచెం టర్పెంటైన్‌తో పలుచన చేసి, మూడు పల్చని పూతలు వేయండి. ప్రతి పూత చేతికి అంటకుండా ఆరాకే తర్వాతిది. ఒకేసారి మందంగా పూస్తే నెలలు గడిచినా జిగురు వదలదు. ఇందులో నిజమైన అపాయం పూయడానికి వాడిన పాతగుడ్డల్లో ఉంది. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా చుట్టి మూల పడేసిన గుడ్డ, ఎవరూ అగ్గి పెట్టకుండానే గంటల్లో అంటుకుంటుంది. వాడిన గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన మూత డబ్బాలో వేయండి. పూత వేసిన గుడ్డను కూడా పూర్తిగా ఆరకముందు మడవొద్దు. ఆరిన తర్వాత కూడా అది మంటకు త్వరగా దొరికేదే. వాన రాత్రి గుడారంలా కట్టినప్పుడు దాని అంచుకూ నిప్పుకూ కనీసం రెండు మీటర్ల ఎడం ఉంచండి, పడక కూడా ఆ మేరకు వెనక్కి జరుగుతుంది.

కాళ్ళ విషయం ముందే చెప్పడం మంచిది: జింకతోలు మొకాసిన్లు, అంటే ఆ కాలపు మెత్తని తోలు చెప్పులు, మంచు పట్టిన గడ్డిలో పావుగంటలో తడిసిపోతాయి, దానికి మందు లేదు. పాదం తడవకుండా ఉంచే ఆలోచన మానేసి, తడిసినా వెచ్చగా ఉంచే ఏర్పాటు చూడండి. లోపల ఉన్ని మేజోళ్ళు, వాటి మీద కంబళి ముక్కతో కుట్టిన పొర, రాత్రికి రెండో పొడి జత. తోలు పొగ పట్టినది అడిగి తీసుకోండి, జంతువు మెదడు రుద్ది పదును చేసిన తోలుకు పొగ పట్టించకపోతే అది ఒకసారి తడిసి ఆరితే అట్టలా బిగుసుకుంటుంది. నిప్పు దగ్గర ఆరబెడితే ఏ తోలైనా ముడుచుకుని గట్టిపడుతుంది, లోపల పొడి గడ్డి కూరి గాలికి వేలాడదీయండి. వాలు మీద రాలిన తడి ఆకుల్లో మొకాసిన్ జారినట్టు మరేదీ జారదు. చేతికర్ర పట్టుకోండి, అడుగులు పొట్టిగా వేయండి. బూట్లతో 20 కిలోమీటర్లు నడిచే మనిషైనా వీటితో మొదట్లో రోజుకు 8 కంటే ఎక్కువ పెట్టుకోకూడదు.

మిగతా బట్టలు తేలిక: లినెన్ చొక్కా, దానిపై ఉన్ని కోటు, తొడల దాకా ఉన్ని తొడుగులు, మోకాలి కింద పట్టీ. నూలు ప్యాంటు మాత్రం వద్దు, తడిస్తే ఒంటి వేడినంతా లాగేస్తుంది. కంబళి చుట్ట మోయడానికి వెడల్పు పట్టీ, కనీసం 5 సెంటీమీటర్లది ఉండాలి. నుదుటికి తగిలిస్తే మెడ నరాలు పట్టేస్తాయి, అలవాటయ్యే దాకా ఛాతీకీ భుజానికీ మారుస్తూ మోయండి. పక్క సంచి చంక కిందికి వచ్చేంత పైకి కట్టి, మీద నడుము పట్టీ వేయండి, ఊగే సంచి సాయంత్రానికి తుంటిని కమిలిస్తుంది.

తిండిలో గొప్పది వేయించిన మొక్కజొన్న పిండి. ఎండిన గింజల్ని మందపాటి మూకుడులో గుప్పెడు చొప్పున, కదుపుతూ వేయించండి. గింజ ఉబ్బి గోధుమరంగుకు తిరిగి పంటి కింద కరకరలాడాలి. పేలాల రకం గింజలు వాడొద్దు. దంచి సత్తుపిండిలా చేసుకుంటే, గుప్పెడు పిండి, కప్పు నీళ్ళు, అంతే పగటి భోజనం. పొయ్యి అక్కర్లేదు కాబట్టి కెంటకీ నిబంధనకు అచ్చంగా సరిపోతుంది. పొట్టలో ఉబ్బుతుంది, నీళ్ళు తాగకుండా తినకండి. మనిషికి మూడు రోజులకు 400 గ్రాముల పిండి, 250 గ్రాముల ఎండు మాంసం, 300 గ్రాముల బియ్యం, 200 గ్రాముల బేకన్, 100 గ్రాముల మేపుల్ చక్కెర, కొంచెం టీ ఆకు. మాంసం ఇంట్లో ఎండబెడితే ముందు లోపలి దాకా 71 డిగ్రీలకు వేడి చేసి తర్వాత ఎండబెట్టండి, ఎండడం ఒక్కటే క్రిముల్ని చంపదు. ఆ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. రాత్రి తిండి సంచిని నేల నుంచి 3 మీటర్ల ఎత్తున, చెట్టు మాను నుంచి మీటరుకు పైగా ఎడంగా వేలాడదీయండి.

రాగి గిన్నెకు లోపల కళాయి తప్పనిసరి, లేకపోతే పులుపు తగిలి చిలుము పడుతుంది. కళాయికి వాడే తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్ళుంటే భయం లేదు, ఖాళీ గిన్నె నిప్పు మీద మర్చిపోతే పూత పోతుంది. టంకం వేసిన రేకు కప్పైతే అతుకే ఊడిపోతుంది. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తెర్లే దాకా మరిగించి ఒక నిమిషం ఉంచండి. రేపటి పగటికి సరిపడా ఈ రాత్రే మరిగించి నింపుకోవాలి, మళ్ళీ నిప్పు సాయంత్రం 6 తర్వాతే కదా.

లైటర్, ఫోన్, మ్యాపు, దిక్సూచి, ప్రథమ చికిత్స సామాను మైనపు గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టండి. కంటికి కనబడకపోతే చాలు, లేకపోవాల్సిన పనిలేదు. అది వేట కాలం కూడా, మట్టిరంగు బట్టల్లో ఇద్దరు మనుషులు జింకల్లాగే కనిపిస్తారు. నడిచేటప్పుడు నారింజ రంగు వేట చొక్కా పైన వేసుకోండి, మకాంలో విప్పేయండి.

వెళ్ళే ముందు ఇదే సామానుతో ఒక రాత్రి, కారు పక్కనే ఆపుకునే క్యాంపు స్థలంలో పడుకోండి, వీలైతే చినుకులు పడే రాత్రి. అప్పటికి చెకుముకితో పదిసార్లలో తొమ్మిదిసార్లు మంట రావాలి. అడవిలో వెనక్కి రావాల్సిన గుర్తు కూడా ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి: కంబళి, చొక్కా రెండూ తడిసి, చెకుముకితో అరగంటలో నిప్పు రాకపోతే లైటర్ తీయాలి. దానితోనూ రాకపోతే సామాను మూటగట్టి, బూట్లు తొడుక్కుని, టార్చి వెలుతురులో వచ్చిన దారినే కారు దగ్గరికి నడవాలి. అందుకే బూట్లూ టార్చీ కూడా మూటలో ఉండాలి, మొదటి రాత్రి మకాం కారుకు 4 కిలోమీటర్ల లోపే ఉండాలి.